నాలుగో మేకు

హిల్కా షెడ్డు గోడకి మూడు మేకులు.
మేకుకో గాస్కెట్. మూడూ నావే.
కింద సుద్దతో తేదీ, పక్కన బూస్ట్ ఎంతో:
ఒకటిన్నర. ఒకటీ ఎనిమిది. రెండు.
లెక్కల్లో తప్పిన పిల్లాడి మార్కుల్లా
వచ్చిన ప్రతివాడికీ కనబడతాయి.

బయట మైనస్ ఇరవై నాలుగు.
సరస్సు మీది మంచు ఉండుండి పెళ్ళున పగిలి
మళ్ళీ తనే అతుక్కుంటోంది.
గాస్కెట్‌కి ఆ విద్య రాదు.

"ఈసారి రెండున్నర బార్," అన్నాను.
హిల్కా తలెత్తలేదు.
సిలిండర్ హెడ్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి
చేపలో ముల్లు వెతికినట్టు
గోటి కొసతో నెమ్మదిగా రాస్తోంది.

"అట్టలాంటి పాత రకం ఉంది.
మెత్తటిది, గీతలున్నా సర్దుకుపోతుంది.
నీ టర్బోకి ఆ మంచితనం చాలదు.

రాగి ఉంది. చుట్టూ తీగ దిగేసి బిగిస్తే
మంటని కదలనివ్వదు. కానీ నీళ్ళు ఊరతాయి,
పందెం పందేనికీ మళ్ళీ బిగించుకోవాలి.
నువ్వు ఈ కారులోనే కదా డ్యూటీకి వెళ్ళేది?"

అవును. పాల ఫ్యాక్టరీకి. తెల్లవారుజామున నాలుగున్నరకి.

"అయితే వద్దు.
ఇక ఉక్కు రేకులు, పొర మీద పొర.
పొగరు జాస్తి. అద్దంలాంటి ముఖమైతేనే పలకరిస్తుంది.
హెడ్డూ బ్లాకూ రెండూ చెక్కాలి.
వెంట్రుక మందం గీత మిగిలినా
రెండు రోజుల్లో నీ గుట్టు రట్టు చేస్తుంది."

"పోనిది ఏదో అది ఇవ్వు," అన్నాను.

అప్పుడు చూసింది నా వైపు.
స్టవ్‌లో బర్చి కట్టె ఒకటి కూలి సర్దుకుంది.

"పోనిదంటూ ఉండదు, యల్మరి.
పోయేది ఇంకో చోటికి మారుతుంది, అంతే.
గాస్కెట్ పోతే తొంభై యూరోలు, ఒక ఆదివారం.
అది మొండికేసి నిలబడిందనుకో,
వరసలో తర్వాత పిస్టన్,
దాని వెనకాల రాడ్.
బ్లాక్‌కి కిటికీ పెట్టి బయటికి తొంగిచూసేది అదే."

ఆగస్టులో, పాత రన్‌వే చివర,
పొమ్మనలేక పొగబెట్టినట్టు
తెల్లగా, తియ్యటి వాసనేస్తూ
మూడోది నన్ను ఇంటికి పంపింది.
దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో.
అసలు పైకి లేచింది హెడ్,
సాగింది పాత బోల్టులు,
తొందరపడి ముందే నిప్పు వెలిగించి
లోపల సుత్తిదెబ్బలు కొట్టించింది నేను.
అగ్గికీ నీటికీ నూనెకీ మధ్య
మిల్లీమీటరు మందాన పడుకున్నందుకు
మాట పడింది మాత్రం అది.

ఉక్కుదే తీసుకున్నాం. కొత్త స్టడ్‌లు తీసుకున్నాం,
వాటికే గాస్కెట్ కన్నా మూడింతలైంది.
బూస్ట్ రెండుకి దిగాను.
రెండూ ఒకటి అన్నాను. సరే అంది.

మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకి,
నాలుగు విడతలు.
తెగేదాకా లాగొద్దని చెప్పడానికి
టార్క్ రెంచ్‌కి ఉన్నది ఒకే మాట:
టిక్.
పదో స్టడ్ దగ్గర నేను ఇంకొంచెం లాగబోతే
హిల్కా నా మణికట్టు మీద
గ్రీజు చేత్తో ఒక్కటిచ్చింది.

కాఫీ పొంగి స్టవ్ మీద మాడింది.
అదే తాగాం.
వెళ్ళొస్తానని లేచేసరికి
ఆవిడ గోడకి నాలుగో మేకు కొడుతోంది.

"అది ఎందుకు?"
"కోటు తగిలించుకోవడానికి,"
అంది, సుద్దముక్క వెతుక్కుంటూ.