చిట్టి పాట

నెలకు రెండు వేలు, ఇరవై మందిమి.
ఐదో తారీఖు పొద్దూకినంక
మా కడప ముందట సాప పరిస్తే చాలు
హాలియల మా గల్లీ గల్లంత
చాయ్ గిలాసలు పట్టుకొని కూసునేది.
కాయితం లేదు, సంతకం లేదు,
మొఖం సూసి పాడేది, మొఖం సూసి ఇచ్చేది.

ఇప్పుడు మొఖాలు సగమే.
రోగమొచ్చినంక ఇది మూడో లెక్కల బుక్కు.

వజ్రమ్మ పైసలు పిట్టగోడ మీద పెట్టి
పైన రాయి బరువుంచి
ఎనుకెనుకకు నడుసుకుంట పోతది.
ఆ నోట్లకు నేను ఇస్త్రీ పెడత.
ఒకపారి ఐదొందల నోటు మాడింది.
ఎవ్వలకు చెప్పలే, నా పైసలే ఏసిన.

పాట ఫోన్లనే నడుస్తుంది.
మొన్న పాట నడుమ ఎవలో దగ్గిన్రు.
అందరి గొంతులు ఒక్కపారే ఆగినయి.
"పోపు పెడుతున్న, మిరపకాయ ఘాటు"
అన్నది ముంతాజ్.
నమ్మినమన్నం అందరం.

ఆ నెల చిట్టి అందరికి కావాల్నంట.
అడ్డికి పావుసేరు పాడిన్రు.
మిగిలిన కిస్తులు ఎవలు కడతరన్న మాట
ఎవ్వలూ పైకనలే.

ముంతాజుకు పాణమెట్లున్నదని అడుగుదామనుకున్న.
అడగకముందే చెయ్యి బుక్కు మీదికి పోయింది,
ఆమె పేరు కాడ వేలు పెట్టి సూసిన.
"ఎత్తుకోలే" అన్న, పైకే.
నిమ్మళమైంది.

ఫోన్ ఇంక పెట్టెయ్యలే.
అటుదిక్కు
మూకుట్ల గరిటె తిప్పుతున్న సప్పుడు.