రెండు గుక్కల తీపి

పాలొద్దు, బిస్కెట్టొద్దు,
పొద్దున ఆరు దాటినాక పచ్చి మంచినీళ్ళు గూడా వద్దన్నారు.
ముత్తుకూరు బస్సులో
నా సంచి మూడు మాట్లు తడిమినాడు సీసా కోసం.
నేను కిటికీలోంచి రొయ్యల గుంటలు చూపించినా.
"అదో, నీళ్ళెట్టా చిలకతా ఉండాయో చూడు."
నీళ్ళనే మాట నోరుజారినందుకు
నాలిక కరుచుకున్నా.

పొగతోట, రెండో అంతస్తు.
గోడ మీద కాళ్ళూ చేతులూ ఉండే పన్ను బొమ్మ
ఎవుర్ని చూసినా నవ్వతా ఉండాది.
మా మస్తాన్‌కు నాలుగేళ్ళు.
ముందు పళ్ళు మాడిపోయిన శెనక్కాయ గింజలు,
వెనకవి గుంతలు.
నోరు తెరవమంటే డాక్టరమ్మ వేలు
రెండు తూర్లు కొరికినాడు. అందుకే ఈ పెద్ద మత్తు.
ఎనిమిది పళ్ళకూ కలిపి ఒకే నిద్ర.

"రాత్రిళ్ళు ఏం పెడతారమ్మా?"
రొయ్యల కంపెనీలో నాది నైట్‌షిఫ్టు.
మంచుగడ్డల్లో తలలు తుంచీ తుంచీ
మూడో గంటకు వేళ్ళు నావి గావు,
ముల్లు దిగినా తెల్లారి నెత్తురు చూసుకోవాల్సిందే.
వాడేమో మా అత్త పక్కన
చక్కెరపాల సీసా నోట్లో పెట్టుకోని
నేనొచ్చిందాకా నిద్ర.
ఇదంతా చెప్పలా.
"పాలే మేడం" అన్నా.

మత్తు డాక్టరంటే భయపడినా.
మా ఊళ్ళో మత్తుకు ఒకటే అర్థం.
వొచ్చినాయన సన్నంగా, చెవుల్లో వెంట్రుకలతో,
బరువడిగి కాయితం మీద లెక్కేసుకున్నాడు.
పద్నాలుగు కేజీలు.
రొయ్యల్నైతే చేత్తో పట్టి కౌంటు చెప్పగలను,
పద్నాలుగు కేజీల బిడ్డకు
ఎంత నిద్ర చాలునో నాకేం తెలుసు.
జరగకూడనిది జరిగితే అనే వరస కింద
పెన్ను రాయలా. విదిలించి పెట్టినా సంతకం.

ఎస్తేరు సిస్టరు సూది లేని సిరంజీతో వొచ్చింది.
"జ్యూసురా అబ్బయా."
రెండు గుక్కలు తియ్యగా పోయినాయి.
మూడోది అడుగున చేదు తగిలి
నావైపు చూసినాడు, నువ్వు గూడానా అన్నట్టు.

పావుగంటకు నవ్వు మొదలైంది.
ఫ్యాను చూసి నవ్వు, నా ముక్కుపుడక చూసి నవ్వు.
"అమ్మా, నీకు రెండు ముక్కులు."
మెడ నిలవలా. చొంగతో నా భుజం తడిసింది.
వాళ్ళ నాయన్ని ఇట్టా మోసుకొచ్చిన రాత్రులుండాయి,
దోవ పొడుగునా తిట్టుకుంటా.
ఇప్పుడెవుర్ని తిట్టను?

ఎర్ర గీత దగ్గర చెప్పులిడవమన్నారు,
తరవాత బిడ్డనిడవమన్నారు.
ఏడిస్తే ఇచ్చేదాన్ని కాదేమో.
సిస్టరు మెడ చుట్టూ చెయ్యేసి
నన్నసలు ఎరగనట్టు పోయినాడు.

బెంచీ మీద కోవూరామె ఇడ్లీ పెట్టింది.
చేతిలోనే చల్లారిపోయింది.

గంటా ముక్కాలుకు తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టినారు.
కళ్ళు తెరిచినాడు గానీ నేను కనపళ్ళా.
తన్నినాడు, గీరినాడు,
నా ఒళ్ళోనే ఉండి అమ్మ కావాలని ఏడ్చినాడు.
"కాసేపు అట్టాగే ఉంటారు పిలకాయలు" అన్నాడు
మత్తు డాక్టరు, నిలబడే.
అంతసేపూ నేను ఎవుర్నో.

తిరుగు బస్సులో అడిగినాడు:
"మనం ఆస్పత్రికి ఎప్పుడు పోతామమ్మా?"

పీకినవి నాలుగు, దూదిలో చుట్టిచ్చినారు.
ఊడిన పన్నైతే ఇంటి మీదకు విసరాలంట,
పీకిన పన్నుకేం చెయ్యాలో మా అత్తకూ తెలియదు.
సరేలే అని విసిరినా.
రేకుల మీద మూడు చప్పుళ్ళే విన్నా.

ఆ రాత్రి షిఫ్టుకు పోలా.
సీసాలో మంచినీళ్ళు పోసిచ్చినా.
ఒక గుక్క పీల్చి, ఆపి,
చీకట్లో నావైపు చూసినాడు
పొద్దున చూసినట్టే.