తొమ్మిది పురుగులు

పాత ఆటలో తొమ్మిదే ఉండేవి.
అంతకు మించి పట్టే జాగా లేదు ఆనాటి మెషిన్‌లో.
ఆసుపత్రి నేలమాళిగ తలుపు తీయగానే
తొమ్మిది బొద్దింకలు,
ఒకే అచ్చులో పోసినవి,
అన్నీ ఒకే కాలు కుంటుతూ
గోడ చివర మాయమై మళ్ళీ మొదటికొచ్చేవి.
అయినా ఊళ్ళో పిల్లలు ఏడాదిపాటు
లైటు వేసుకునే పడుకున్నారట.

కొత్త ఆటకి మాకు నలభై వేలు ఇచ్చారు.
ప్రతిదానికీ సొంత నీడ, సొంత మీసం,
రెక్క మీద తడి, తడి మీద బల్బు మెరుపు.
క్యాలమ్ ఆర్నెల్లు వాటి కాళ్ళ కీళ్ళ దగ్గరే కూర్చున్నాడు.
శబ్దం నా వంతు.

డండీలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
ఈ చలికి వీధిలో ఒక్క పురుగు బతకదు.
కీచురాయి లేని రాత్రి నాకింకా అలవాటు కాలేదు.
ఎవరో గదిలో నిలబడి
ఊపిరి బిగబట్టినట్టుంటుంది.

పాత ఆటకు శబ్దం కట్టిన ముసలాయన
మర్డో కినియర్ బ్రాటీ ఫెర్రీలో ఉన్నాడంటే వెళ్ళాను.
టీ ఇచ్చాడు, బిస్కెట్ ఇవ్వలేదు.
దేనితో చేశారని అడిగితే
షెడ్డులోంచి గోనెసంచి తెచ్చి ఒళ్ళో పరుచుకుని
గోళ్ళతో గీకాడు, మెల్లగా,
చెవిలో దూరిన జెర్రి దారి వెతుక్కుంటున్నట్టు.
"మా అమ్మ మిల్లులో నేసిన గోనె," అన్నాడు.
"మైకు ముందు పెట్టడానికి
ఇంట్లో ఇంకేం దొరకలేదు."
నా చేతుల మీద వెంట్రుకలు చూసి
ముసిముసిగా నవ్వి సంచి మడతపెట్టాడు.

తిరుగు బస్సులో అనకాపల్లి గుర్తొచ్చింది.
నేల టిక్కెట్టు. డబ్బింగ్ బొమ్మ.
అదీ ఏదో పాతదాన్ని మళ్ళీ తీసిందేనట.
తెర మీద ఏనుగంత చీమలు ఊరిని మేస్తుంటే
జనం ఈలలేస్తున్నారు, పల్లీలు వలుస్తున్నారు.
అప్పుడు చీకట్లో నా పాదం మీద
ఏదో, అగ్గిపుల్లంత బరువైనా లేనిది,
ఆగి, ఆలోచించి, పైకి బయల్దేరింది.
నేను పెట్టిన కేకకి
ముందు వరస, వెనక వరస,
గేటు దగ్గర టార్చిలైటు మనిషి,
అందరూ కాళ్ళు పైకెత్తేశారు.
తెర మీది చీమలు ఎవరికీ పట్టకుండా
ఊరంతా తినేసి వెళ్ళిపోయాయి.

మర్నాడు కిలో పల్లీలు కొన్నాను.
తిన్నది తక్కువ, మైకు ముందు తొక్కింది ఎక్కువ.
తొక్కల చిటపటనీ గోనె గీకుడునీ కలిపి
నలభై వేలకూ పంచాను.

పరీక్షకు ఆరుగురు వచ్చారు.
తలుపు తెరుచుకుంది.
తొలకరికి పుట్ట పగిలిన ఉసిళ్ళలా నలభై వేలూ పొర్లుకొచ్చాయి.
లోకీ నుంచి వచ్చిన నర్సు ఐలిద్
"అబ్బ, ఎంత బాగా గీశారో!" అంది.
ఒకతను ఆవలించాడు.
మోరాగ్ పుస్తకంలో ఏదో రాసి, కొట్టేసింది.

గురువారం ప్రోగ్రాంలో పురుగు పడింది
(మా పనిలో తప్పుకి ఆ పేరు ఎవరు పెట్టారో గాని).
తలుపు తెరుచుకుంది, లోపల ఒక్కటీ కనపడలేదు.
తడి గచ్చు. పచ్చటి బల్బు.
శబ్దం మాత్రం ఉంది,
ఎడమ చెవి వెనక మొదలై
మెడ దాకా వచ్చి ఆగింది.
ఐలిద్ హెడ్‌ఫోన్స్ తీయలేదు,
రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కుంది.
మొన్న ఆవలించినవాడు
కాలరు విదిలించుకున్నాడు,
ఒకసారి, మళ్ళీ ఒకసారి.

క్యాలమ్ మొహం నేను చూడలేదు.
ఆర్నెల్ల కీళ్ళు.
ఆ రాత్రి అతనే తప్పు నమోదు చేశాడు:
పురుగులు కనపడటం లేదు, అత్యవసరం.

సోమవారం కింద మోరాగ్ జవాబు:
ఇది తప్పు కాదు. ఇలాగే ఉండాలి.
తలుపు మూసుకునేటప్పుడు మాత్రం
గోడ చివర ఒక్కటి కనపడనివ్వండి,
కాలు కుంటేది.

క్యాలమ్ ఇప్పుడు దాన్నొక్కదాన్నే దిద్దుతున్నాడు.
నా బల్ల సొరుగులో తొక్కలు ఇంకా మిగిలున్నాయి.
ఆఫీసు ఖాళీ అయ్యాక
సొరుగులో చిన్నగా ఏదో సర్దుకుంటుంది.
తొక్కలే.
తెరిచి చూడలేదనుకోండి.