నిమిషానికి పన్నెండు

స్టోర్ రూం అలమార అడుగున
డేటు అయిపోయిన సెలైన్ సెట్లు పదకొండు,
కవరు కూడ విప్పనివి.
పారేయాలని రాసిండ్రు. సంతకం చేసిన.
చెత్తల వేసే ముందు ఈదయ్య
ఒక్కసారి నా దిక్కు చూసిండు.
నేను సంచి తెరిచిన.

దేవరకొండల నా పెరడు
చెప్పుకునేంతది కాదు.
బండ మీద జానెడు మన్ను,
రంగుల డబ్బాలల్ల పదకొండు మిరప మొక్కలు.
నల్లా దినం తప్పిచ్చి దినం,
తెల్లారగట్ల ఇరవై నిమిషాలు.
బోరు నీళ్లు పోస్తే డబ్బా అంచుకు
సున్నం గీసినట్టు తెల్లటి గీత.
ఆ నీళ్ల సంగతి
మా వార్డుల మోకాళ్లనడుగు.

నాకు నెలల ఇరవై రాత్రులు డ్యూటీ.
ఇంటికొచ్చేసరికి ఆకులు
మేక చెవుల్లెక్క వాలి ఉంటయి.
చెంబుతోటి గుమ్మరిస్తే
సగం బండ తాగుతది.

ఆదివారం ఈదయ్య వచ్చిండు.
స్టవ్వు మీద స్క్రూడ్రైవరు ఎర్రగ కాల్చి
ఇరవై లీటర్ల బకెట్ అడుగుకు పదకొండు పొక్కలు పొడిచిండు.
ప్లాస్టిక్ కమురు వాసన ఇల్లంత.
సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వాచర్లు చేసినం,
పంచరు సొల్యూషన్ పూసినం,
బకెట్‌ను గోడ మీదికెక్కిచ్చినం.
గోడ అవతల్నుంచి లతీఫా బీ:
"మిరప చెట్టుకు గ్లూకోజు పెడ్తరా సిస్టరమ్మా,
దానికేం జరమొచ్చింది?"

పది చుక్కలు పడి ఆగింది.
పైపులు గిచ్చినం, దులిపినం, తిట్టినం.
ఈదయ్య మూత దిక్కు చూసి నవ్విండు.
గాలి పోయే సందే పెట్టలేదు!
సీసాకు సూది గుచ్చుడు
ఇరవై రెండేండ్లు చేసిన చేతులివి.

మూతకు పొక్క పడ్డది.
ఒక్కొక్క చక్రం తిప్పుకుంట, గడియారం చూసుకుంట
నిమిషానికి పన్నెండు దగ్గర ఆపిన.
రాత్రంత పడితే మొక్కకు అర లీటరుకు కొంచెం తక్కువ.
బకెట్ నాలుగు రాత్రులొస్తది.
లెక్క రాసి బియ్యం డబ్బా మూతకు అంటిచ్చిన,
కేస్ షీట్ లెక్క.

తిండి సంగతి వేరే కథ.
పల్లి చెక్క మూడు దినాలు నానబెట్టి,
పిడికెడు బెల్లం, ఆవు పేడ కలిపి పోస్తే
మూడో పొద్దుకు పైపుల తెల్లటి తరక.
నరం దొరకని చేతి మీద తట్టినట్టు
గోటితోటి తట్టిన, కదల్లేదు.
సిరంజితోటి నీళ్లు కొట్టిన,
నా మొకం మీదికే చిమ్మింది, వాసనతోటి సహా.
పాత యూనిఫాం కొంగు రెండు మడతలేసి వడకట్టినంక
ఒప్పుకుంది.

ఏడో నంబరు బెడ్డు మీద
చందంపేట దిక్కు తండా నుంచి దేవ్లీ అని ముసలామె.
వంగిన వెన్ను సాపు కాక పక్కకే పండుకునేది.
తన సెలైన్ చుక్కలు తనే లెక్కపెట్టేది,
నేను తప్పితే చెప్పేది.
ఆమెకు నా మొక్కల ముచ్చట చెప్పిన.
శానసేపు పలకలేదు.
"పూత మీదున్నప్పుడు కడుపునిండ పెట్టకు.
ఆకులు బలుస్తయి, కాయ యాదికుండదు."
మంగళవారం డిశ్చార్జి చేసినం.

తిండి బంద్ చేసిన.
పూత నిలిచింది.
తొలి కోతకు దోసెడు కాయలు, పచ్చగ, నిగనిగ.
లతీఫా బీకి నాలుగు, ఈదయ్యకు నాలుగు.
కాయితంల ఎనిమిది చుట్టి
చందంపేట బస్సు కండక్టరు చేతికిచ్చిన,
తండా పేరు రాసి.

పది దినాలకు అదే బస్సుల
అదే కాయితం వాపసొచ్చింది.
లోపల గుప్పెడు ఎండు గింజలు,
మనుమని రాత ఒక్క లైను:
'ఘాటు లేదంటుంది అవ్వ. నీళ్లు తగ్గియ్యాల్నట.
కొంచెం ఎండనియ్యాల్నట.'

పొద్దూకింది. డ్యూటీకి టైమైతుంది.
చెప్పులేసుకొని పెరట్లకు పోయిన.
పదకొండు చక్రాలు.
మొదటిది పట్టుకున్న.
పన్నెండు... పది...
ఎనిమిది దగ్గర ఆపాల్నా,
ఆరు దగ్గరా?
గడియారం ముల్లు చూసుకుంట
అక్కడ్నే నిలబడ్డ.