అప్పు తెచ్చిన రోజులు

లివర్‌పూల్ ఆసుపత్రిలో నా కౌంటర్ ముందు
సగం లోకం జనవరి ఒకటినే పుట్టింది.
బాగ్దాదు వంటమనిషి, జాఫ్నా టైలరు,
పడవ దిగినవాళ్ళు, గుడారాల్లోంచి వచ్చినవాళ్ళు.
ఖాళీ గడి చూడలేక ఎవరో ఆఫీసరు వేసిన తేదీ.
ఆ రోజు నేనెవరికీ శుభాకాంక్షలు చెప్పను.

సిడ్నీ రైళ్ళ రొద కిటికీలో ఉండగానే
బూట్లయినా విప్పకుండా
మా తాతమ్మ పైడమ్మను తీసివేతకు కూర్చోబెడతాను.

రెండే ఆధారాలు.
ఒకటి మద్రాసు డిపో చీటీ, పంతొమ్మిది వందల ఏడు:
జిల్లా విశాఖపట్నం, వయసు ఇరవై,
ఎత్తు నాలుగడుగుల పది,
ఎడమ మోచేతి కింద తేలు పచ్చబొట్టు.
రెండోది ఫిజీలో, రాకిరాకి నుంచి తమ్ముడు పంపిన ఫొటో:
నాచు పట్టిన సిమెంటు పలక,
తడి ఆరకముందే మేకుతో గీసిన తెలుగు అంకెలు.
౭౧ సం. ౯ నె. ౨౪ రో.
పోయిన తేదీ మాత్రం ఇంగ్లీషులో, 7-3-1951.
గీసింది పెద్దల్లుడు బంగారయ్య,
చక్కెర మిల్లులో హాజరీ గుమస్తా,
అరపూట ఆలస్యాన్ని కూడా వదలని మనిషి.

ఏడులోంచి ఇరవైనాలుగు పోదు.
పక్కింటికెళ్ళి ఒక నెల అప్పు తేవాలి.
పక్కిల్లు ఫిబ్రవరి, బీద కొంప,
వెతికి వెతికి ఇరవై ఎనిమిదే ఇచ్చింది.
ముప్పై ఐదులో ఇరవైనాలుగు పోతే పదకొండు.
రెండులోంచి తొమ్మిది పోదు, ఈసారి ఏడాదినే అడిగాను.
పద్నాలుగులో తొమ్మిది పోతే ఐదు.
పద్దెనిమిది వందల డెబ్బైతొమ్మిది, మే పదకొండు.

బంగారయ్య నెలకి ముప్పై చొప్పున కట్టి ఉంటే పదమూడు.
మిల్లు పద్ధతిలో మొదటిరోజూ చివరిరోజూ కలిపేసుకుంటే పన్నెండు.
పంచాంగం నెలలై, మధ్యలో అధికమాసాలు దూరితే
నా కాగితం మీద వైశాఖం
చేపపిల్లలా జారిపోతుంది.

సరే, రోజుల సంగతి వదిలేద్దాం.
ఎనిమిదేళ్ళ మాటేమిటి?

ఈ లెక్కన ఓడెక్కేనాటికి ఆమెకి ఇరవై ఎనిమిది.
చీటీలో ఇరవై.
డిపో గుమస్తా పళ్ళు చూసి రాశాడంటుంది పిన్ని,
పడుచువాళ్ళయితేనే తీసుకునేవారంటాడు మావయ్య.
కావచ్చు.
కానీ ఎనిమిదేళ్ళంటే
ఒక పెళ్ళి పడుతుంది అందులో.
ఒక పిల్ల పుట్టి, నడిచి,
పాలపళ్ళు ఊడేంత చోటుంది.
మద్రాసు రేవులో ఆ చోటు మీద
మనిషి తన చేత్తో తనే గీత కొట్టేసుకుంటే
ఏ దఫ్తరంలో వెతకను?

నలుగురు కూతుళ్ళకీ తెలియదు.
మా అమ్మమ్మ చివరిదాకా
తల్లి వయసు ఆ ఇరవై నుంచే లెక్కపెట్టేది.
ఆమెకి తెలుగు అంకెలు రావు.
ఏటా ఆ పలక కడిగి, పూలు పెట్టి,
చదవకుండానే ఇంటికొచ్చేది.

అసలు వయసు చెప్పుకున్నది ఒక్కడికే.
పేగు పంచుకున్నవాళ్ళకి కాదు,
లెక్క తప్పనివాడికి.
ఏ రాత్రో చుట్ట వెలిగించుకుంటూ
"నాయినా, నన్ను రాసేనాడు సరిగ్గా రాయి" అందేమో.
అతను సరిగ్గానే రాశాడు.
ఎందుకో రాయలేదు.

పొద్దున్నే మళ్ళీ డ్యూటీ.
నల్ల స్కార్ఫు ముసలామె, చేతిలో నలిగిన రిఫరల్ కాగితం.
పుట్టిన తేదీ?
జనవరి ఒకటి, అంది,
అని ఇంకేదో ఉన్నట్టు నా వైపు చూసింది.
వెనక పదకొండు మంది నిలబడి ఉన్నారు.
సున్నా ఒకటి, సున్నా ఒకటి, టైపు చేశాను.
అసలుది అడగలేదు.
నేనింకా
బంగారయ్యనంత కాలేదు.