నాలుగు వేల దగ్గర ఎవరుంటారు

ఒపువో ఊరి చివర రేకుల షెడ్డులో
టార్పాలిన్ మీద పొడుగ్గా పడుకోబెట్టాం దాన్ని,
పన్నెండు ముక్కుల క్యామ్‌షాఫ్ట్‌ని.
గెర్సన్ వర్నియర్ పెట్టి ఒక్కొక్కటే కొలుస్తూ
ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.
కోడిగుడ్డు కొసలా ఉండాల్సింది
అరిగి అరిగి గుండ్రమైపోయింది.

"ఇదన్నమాట ఆ దగ్గు."

మార్చి నుంచీ దగ్గుతోంది మా పాత ల్యాండ్‌క్రూజర్,
ఎత్తు ఎక్కినప్పుడల్లా కార్బురేటర్లోంచి తుమ్ముతూ.
ప్లగ్గులు మార్చాం. పెట్రోలును తిట్టాం.
పెట్రోలు పోసినవాణ్ణి తిట్టాం.
లోపల ఒక వాల్వుకి తలుపు తీసేవాళ్లు లేరని
ఎవరికి తెలుసు?
తిరగడం మాత్రం మానలేదు ఆ ముక్కు.
అందరితో పాటే తిరిగింది, దేన్నీ ఎత్తకుండా.
(ఇలాంటివాళ్లు మా పశువుల సంఘంలో ఇద్దరున్నారు.)

విండ్‌హూక్ కొట్టువాడు ఫోన్లో మూడు చెప్పాడు.
సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు నిచ్చెనెక్కి
మోకాలి మీద రాసుకున్నాను:
పాతదాన్నే సానబట్టి మళ్లీ ముక్కులు తీర్చడం, మూడు మేకలు.
కంపెనీ కొలతలతోనే కొత్తది, ఏడు.
మూడోదాని మాటెత్తగానే వాడి గొంతే మారింది.
వాల్వుల్ని ఇంకా ఎత్తుకు లేపి, ఇంకాసేపు తెరిచి ఉంచుతుందట,
నాలుగు వేల చుట్ల దగ్గర సింహంలా లేస్తుందట.
పదకొండు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.
నేను పదకొండు మేకల్నీ ఆ నిచ్చెన మీదే అమ్మేశాను.

బండి మా మేనత్త వెజెపౌనాది.
ఆవు కొమ్ముల్లా అటూ ఇటూ సాగిన తలగుడ్డ తగలకుండా
పక్కకి తిరిగి గుమ్మం దాటింది.
సింహం గురించి చెప్పాను. చాలాసేపు చెప్పాను.
అంతా విని గెర్సన్‌ని అడిగింది:
"హోఆరుసిబ్ ఇసుకలో, ఆరు డ్రమ్ముల నీళ్లతో,
ఇంజను ఎంత మీద తిరుగుతుంది?"
"పదిహేను వందలు. మహా అయితే రెండు వేలు."
"మరి ఆ నాలుగు వేల దగ్గర ఎవరుంటారు?
మనవాళ్లెవరైనా ఉన్నారా?"

గెర్సన్ అక్కర్లేని స్పానర్ ఒకటి వెతుక్కున్నాడు.

"మెల్లగా పోతే?" అంది నాతో.
వణుకుతుంది, ఇసుకలో ఆగిపోయినా పోతుంది.
కొట్టువాడు ఆ మాటా చెప్పాడు.
మోకాలి మీద చోటు లేక రాయలేదు.

మూడు మేకల మీదికి మనసు పోయింది ఆమెకి.
గెర్సన్ గోరు చూపించాడు:
"గట్టిదనం పైపొరే అత్తా, ఇంత మందం.
లోపలికి చెక్కితే మెత్తటి ఇనుము. ఏడాదికి మళ్లీ వస్తావు."
"ఏడు," అంది, ఒక్కొక్కదాని పేరూ తలుచుకుంటున్నట్టు.

పోనీ ట్యాపెట్లైనా పాతవి వాడదామన్నాను.
ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు;
వీటిది ఇరవై ఏళ్ల సావాసం.
అరగడం ఒక్కటే నేర్చుకున్నాయి, కొత్తదానికీ అదే నేర్పుతాయి.
చెవి చిరిగిన తెల్ల మేక కూడా పోయింది.

గేర్ల మీద చుక్కకి చుక్క కలిపి, నూనె పూసి, బిగించి,
"మొదటి ఇరవై నిమిషాలూ రెండు వేల మీదే ఉంచాలి,
నెమ్మదించావా, ముక్కులన్నీ పోతాయి," అన్నాడు.
అత్త తలగుడ్డ తీసి నా చేతికిచ్చి సీట్లో కూచుంది.
పెడల్ మీద చెప్పుల్లేని పాదం,
మీటర్ ముల్లు మీద రెప్ప వాల్చని కళ్లు.
షెడ్డు రేకులు మోగాయి. గోడ మీది క్యాలెండర్ రాలిపడింది.
ఇరవయ్యో నిమిషాన పాదం తీస్తే
తిరగలి తిప్పుతున్నట్టు నిదానంగా ఒకటే చప్పుడు.
తలగుడ్డ ఇంకా నా చేతుల్లోనే ఉంది,
అనుకున్నదానికన్నా బరువుగా.

పాత కడ్డీ ఇప్పుడు మేకల దొడ్డికి అడ్డగడియ.
పొద్దున్నే తీసేటప్పుడు మిగతా ముక్కులు అరచేతిని పొడుస్తాయి.
ఎనిమిదో దాని దగ్గరే
పట్టు బాగా దొరుకుతుంది.