ఖాళీ జాగా

ట్రూప్ బజార్, నల్లాల దుకాణం మేడమీద
నా కంప్యూటర్ పొద్దుటినుంచీ మూలుగుతోంది.
ఖలీల్ వచ్చాడు. చాయ్ ముట్టకుండానే చెప్పాడు:
"నలభై ఏడు జీబీ మేడం!
పదేండ్ల మెయిళ్లు ఈ డబ్బాలనే దాసుకున్నరు.
మూడు నెలలవి ఇక్కడ ఉంచుదాం,
మిగతావి సర్వర్ల ఉంటయ్, యాడికి పోవు."

మొన్ననే సగం తుడిచేశానే!
కొటేషన్లు, షవర్ల ఫొటోలు,
గోదాము లింబాద్రి గారి గుడ్మార్నింగ్‌లు.
ఆయన పోయి రెండేళ్లు.

"తుడిస్తే తగ్గదు మేడం.
లోపల జాగా ఖాళీ అయితది గానీ
ఫైలు గంతే ఉంటది.
కాంపాక్ట్ కొట్టాలె."

మౌస్ మీద అతని వేలు ఆగింది.
కింద ఎవరో బేరగాడు
గోడకు బిగించిన నల్లా తిప్పి చూస్తున్నాడు,
నీళ్లు రావని తెలిసీ.

"రేపు రా ఖలీల్" అన్నాను.